నాన్న వదిలి వెళ్ళిన ఆరు పెట్టెలు, ఒక టర్కీ సినిమా

మహేంద్రతనయ (పర్లాకిమిడి – ప్రస్తుతం హైదరాబాదు)
నవంబరు 9, రాత్రి 11.20

ఇది సినిమాల విభాగంలో పెట్టాలో వ్యవసాయం విభాగంలో పెట్టాలో తేలక ఇక్కడ పెడుతున్నాను. నిర్వాహకులు కావాలంటే మార్చుకోవచ్చు.

నిన్న రాత్రి ‘కోవన్’ అనే టర్కీ సినిమా చూశాను. 2019లో వచ్చింది. దర్శకురాలు ఎయిలెమ్ కఫ్తాన్. జర్మనీలో ఉంటున్న ఆయిషె, తల్లి చావుబతుకుల్లో ఉందని తెలిసి ఈశాన్య టర్కీ కొండల్లోని సొంత ఊరికి వస్తుంది. తల్లి తేనెటీగలు పెంచిన మనిషి. ఆ పని కూతురు అందుకోవాలన్నది ఆమె చివరి కోరిక. కూతురికేమో పని రాదు. కోవన్ అంటే వాళ్ళ భాషలో తేనెపెట్టె అట.

ఇక నా సంగతి. మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. మా పొలం దాటి కాస్త దూరం నడిస్తే ఆంధ్ర. నాన్న మొన్న చైత్రంలో పోయారు. పెరట్లో పనసచెట్ల కింద ఆయన పెట్టుకున్న తేనెపెట్టెలు ఆరు ఉన్నాయి. అమ్మ ఒక్కతే ఉంటోంది. హైదరాబాదు వచ్చేయమంటే “ఆ పెట్టెలు ఎవరు చూస్తారు?” అంటుంది. అలాగని తనేమీ వాటి దగ్గరికి పోదు. దసరాకు వెళ్ళినప్పుడు మూతలు ఎత్తి చూశాను. రెండింటిలో ఈగలు బాగానే తిరుగుతున్నాయి. ఒకదానిలో ఈగలు కట్టిన మైనపు అట్టల మీద బూజులాంటి దారాలు అల్లుకుని ఉన్నాయి. మూడు ఖాళీ.

అడగదలచుకున్నవి రెండు. ఏమీ తెలియనివాడు ముప్పై ఎనిమిదో ఏట ఈ పని నేర్చుకోగలడా? రెండోది అడగడానికి కొంచెం సిగ్గుగా ఉంది. సినిమా చూసిన దగ్గరనుంచి ఊరికి వెళ్ళిపోవాలని ఉంది. మా ఆవిడతో అంటే “గంటన్నర సినిమాకు పదిహేనేళ్ళ ఉద్యోగమా?” అంది. మీరేమంటారు?

మూడో వరుస (బరంపురం)
నవంబరు 10, ఉదయం 7.05

మీ ఆవిడగారికి నా నమస్కారాలు చెప్పండి. ఇంత క్లుప్తమైన సమీక్ష నేను రాయలేను.

కోవన్ నేనూ చూశాను. ఆయిషెగా వేసిన మెరియెం ఉజెర్లీ ముఖం బాగుంటుంది, ఆ కొండలు ఇంకా బాగుంటాయి. నాకు నచ్చింది వేరే సంగతి. పల్లెకు తిరిగి వచ్చే కథల్లో మామూలుగా పల్లె చేతులు చాచి ఎదురుచూస్తూ ఉంటుంది. వచ్చినవాడు పాదం మోపగానే వాన కురుస్తుంది, గేదె ఈనుతుంది, మరదలు నవ్వుతుంది. ఇక్కడ అలా కాదు. ఈగలు ఈమెను లెక్కచేయవు. ఎలుగుబంటి వచ్చి పెట్టెలు పగలగొడుతుంది. ఊరి పద్ధతి ఆమెకు నచ్చదు, ఆమె పద్ధతి ఊరికి నచ్చదు. తల్లి పోయాక తల్లి చేతిపని ఎలా నేర్చుకోవాలన్నదే అసలు గొడవ. అందులో మీ కథ కనిపించిందంటే ఆశ్చర్యం లేదు.

ఉద్యోగం సంగతి నన్ను అడగకండి. నాది సినిమాలు చూసే ఉద్యోగమైతే నేనెప్పుడూ మానేసేవాణ్ణి కాదు.

వలిసెపూలు (జయపురం, కొరాపుట్ జిల్లా)
నవంబరు 10, ఉదయం 9.48

సినిమా తరువాత మాట్లాడుకోండి. బాబూ, ఆ దారాలు అల్లుకున్న పెట్టెను దసరా నుంచి ఇప్పటిదాకా అలాగే ఉంచారా?

అది మైనపు పురుగు. రాత్రిపూట తిరిగే బూడిదరంగు చిమ్మట ఒకటి వచ్చి పాత అట్టల్లో గుడ్లు పెడుతుంది. పుట్టిన పురుగులు మైనాన్ని తొలుచుకుంటూ దారాలు వదులుతాయి. గుంపు బలంగా ఉంటే ఈగలే దాన్ని తరిమేస్తాయి. గుంపు బలహీనపడి, కాపలా లేని అట్టలు మిగిలిపోయినప్పుడే అది కాపురం పెడుతుంది. ఇవాళే అమ్మగారికి ఫోను చేసి, ఎవరినైనా పిలిపించి ఆ అట్టలు కాల్పించండి. పెట్టెను ఖాళీ చేసి, గీకి, నాలుగు రోజులు ఎండలో పెట్టించండి. లేకపోతే పక్క పెట్టెల మీద పడుతుంది.

ఆ తరువాత బతికి ఉన్న రెండు పెట్టెలు. మీవి మన నాటు ఈగలే అయి ఉండాలి, చెట్టు తొర్రల్లో పుట్టల్లో ఉండే రకం. కొండతేనె ఈగ పెట్టెలో ఉండదు. జుంటీగ పొదల్లో ఒక్క అట్ట కట్టుకుని ఉంటుంది, అదీ పెట్టెకు లొంగదు. పెట్టెలో ఎక్కువగా పెంచేవి మన తొర్ర ఈగ, ఐరోపా నుంచి తెచ్చిన పెద్ద ఈగ. ఐరోపా ఈగను మన దేశంలో 1960లలో ఉత్తరాదిన నిలబెట్టారు. తేనె ఎక్కువ ఇస్తుంది గానీ పూలున్న చోటికల్లా పెట్టెలను లారీల మీద మోసుకుపోవాలి. ఒక పెరటికి, ఒక ముసలి అమ్మకు నాటు ఈగే సరి.

ముందు మూడు సంగతులు చూసి రాయండి. పెట్టె కాళ్ళ కింద నీటి గిన్నెలు ఉన్నాయా, చీమల కోసం? ఈగలు అట్టలు కట్టుకునే చెక్క చట్రాల్లో మధ్యవాటి గదుల అడుగున సగం నూకంత తెల్లటి గుడ్లు నిలబడి ఉన్నాయా? గుడ్లుంటే రాణి ఉన్నట్టే, రాణి కోసం వెతకనక్కర్లేదు. మూడోది, ఆ పెట్టె చివరిసారి ఎప్పుడు తెరిచారు?

ముప్పై ఎనిమిదో ఏడు పెద్ద వయసేమీ కాదు. నేను ఉపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేసే ముందు ఏడాది మొదలుపెట్టాను.

సూరత్ మగ్గం (గంజాం జిల్లా)
నవంబరు 10, మధ్యాహ్నం 1.30

అన్నా, టీచరమ్మగారు చెప్పింది చేయండి. డబ్బు సంగతి నేను చెబుతాను, ఎందుకంటే సినిమాలో అది ఎవరూ చెప్పరు.

మా జిల్లా నుంచి సూరత్ మగ్గాల మీదికి పోయినవాళ్ళ సంఖ్య మీకు తెలిసే ఉంటుంది. నేను పద్నాలుగేళ్ళు నడిపాను. 2020లో లాక్‌డౌన్ వచ్చాక శ్రామిక రైలెక్కి వచ్చినవాణ్ణి మళ్ళీ వెళ్ళలేదు. మొదట రెండు పెట్టెలు, ఇప్పుడు పన్నెండు. పోయిన సంవత్సరం పన్నెండు పెట్టెలకు కలిపి 58 కిలోల తేనె వచ్చింది. కిలో 600కు అమ్మాను. అంటే 34,800. అందులో సీసాలు, ఈగల మేతకు చక్కెర, రెండు కొత్త పెట్టెలు, బరంపురం వెళ్ళివచ్చే ఖర్చు తీసేయండి. సూరత్‌లో ఇది నాకు రెండు నెలల జీతం కూడా కాదు.

బాధపడడం లేదు, లెక్క చెబుతున్నాను. తేనె మీద బతకడం లేదు నేను. జీడితోట ఉంది, కొబ్బరి ఉంది, రెండు ఆవులు ఉన్నాయి. తేనె వాటి పక్కన కూర్చుంది. ఈగలు వచ్చాక జీడిలో కాపు పెరిగిందని మా నాన్న అంటాడు. నేను తూచలేదు, ఆయన కంటి లెక్క అది.

ఉద్యోగం మానేసి ఈగల మీద బతుకుతానంటే వద్దు. ఊళ్ళో బతకడానికి ఇంకేదైనా ఉండి, ఈగలు కూడా ఉంటాయంటే రండి.

ప్రాణహిత ఒడ్డు (సిరొంచ, గడ్‌చిరోలి జిల్లా)
నవంబరు 10, రాత్రి 8.15

నేను కూడా ఒక మాట అంటాను, ఎవరికీ కోపం రాకూడదు.

ఊరికి తిరిగి రావడం, మట్టి వాసన, మూలాలు అంటూ సినిమాలు తీస్తారు. ఎప్పుడూ ఊరు విడిచి వెళ్ళనివాళ్ళ మీద ఎవరూ తీయరు. మా సిరొంచలో ఇంట్లో తెలుగు, కచేరీలో మరాఠీ, అడవిలో గోండీ. ఇక్కడే పుట్టి, ఇక్కడే తేనె కొట్టి, ఇక్కడే పోయినవాళ్ళున్నారు. ఆయిషె రెండు అట్టలు తీస్తే కథ అయింది. వాళ్ళమ్మ ఏళ్ళ తరబడి తీసింది గదా, ఆవిడ కథ మొదట్లోనే అయిపోతుంది.

మా దగ్గరిది పెట్టె తేనె కాదు. కొండతేనె. పెద్ద ఈగ, ఎత్తయిన మద్దిచెట్టు కొమ్మకో బండ చరియకో పట్టు పెడుతుంది. ఒకే చెట్టుకు పది పదిహేను పట్లు వేలాడుతుంటాయి. పూలు అయిపోగానే గుంపు ఎత్తేసి పోతుంది, మళ్ళీ కాలానికి అదే చెట్టుకు వస్తుంది. అమావాస్య దగ్గర చీకటి రాత్రుల్లో పొగ పెట్టి తీస్తారు. వెనకటివాళ్ళు మంట పెట్టి పట్టు మొత్తం కోసేవాళ్ళు. ఇప్పుడు కొందరు కొమ్మకు అంటుకుని ఉండే తేనె భాగం మాత్రం కోసి, కింద పిల్లలున్న భాగాన్ని వదిలేస్తున్నారు. అలా వదిలితే గుంపు అక్కడే ఉండి మళ్ళీ నింపుతుంది. ఇది చెబితే అర్థమవుతుంది గానీ, నలభై అడుగుల ఎత్తున తాడు మీద వేలాడుతూ, చుట్టూ ఈగలు మూగుతుంటే చేయి ఆపడం మాటలు కాదు.

మూడో వరుస
నవంబరు 10, రాత్రి 9.40

ప్రాణహితగారూ, మీ దెబ్బ సరైన చోటే తగిలింది. తల్లి కథ చిన్నదైపోయిందన్నది నాకూ వెలితే. కానీ కెమెరా ఎవరి వెంట వెళ్ళాలో చూడండి. పని తెలిసినవాళ్ళు దాని గురించి మాట్లాడరు, చేసుకుపోతారు. తెలియనివాడు అడుగుతాడు, తప్పులు చేస్తాడు, కుట్టించుకుంటాడు. అతని వెనక వెళ్తే మనకూ తెలుస్తుంది. ఇక్కడ మహేంద్రతనయగారు ప్రశ్న పెట్టకపోతే మీరు అమావాస్య సంగతి మాకు చెప్పేవారా?

ప్రాణహిత ఒడ్డు
నవంబరు 10, రాత్రి 9.52

చెప్పేవాణ్ణి కాదు. ఒప్పుకున్నాను.

మహేంద్రతనయ
నవంబరు 12, రాత్రి 10.30

అందరికీ కృతజ్ఞతలు. టీచరమ్మగారూ, అట్టలు కాల్పించాను. పక్కింటి చిన్నాన్న చేశాడు. నీటి గిన్నెలు ఉన్నాయి గానీ ఎండిపోయాయట, నింపించాను. గుడ్ల సంగతి నేను వెళితే తప్ప తెలియదు. దసరాకు నేను మూతలు ఎత్తి చూశానంతే, చివరిసారి పద్ధతిగా తెరిచింది నాన్నే. అంటే ఫాల్గుణంలో.

నాన్నకు ఇది ఎవరు నేర్పారని అమ్మను అడిగాను. కొండమీది నుంచి చింతపండు, చీపుళ్ళు తెచ్చి అమ్మే ఒక సవర గిరిజన పెద్దాయన అట. మా పర్లాకిమిడి పేరు చెబితే చాలామందికి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొస్తారు, ఇక్కడ బడిపంతులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసినాయన. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మా నాన్న ఏమీ రాయలేదు. పంతులుగారిలా ఆయన కూడా ఒక సవర మనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడని ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చాక తెలిసింది నాకు.

ఆ పెద్దాయన మొదట పెట్టె ఇవ్వలేదట. ఒక మట్టికుండకు లోపల పాత మైనం రుద్ది, మూతి మూసి, వేలు పట్టేంత కంత వదిలి, చెట్టు కొమ్మల మధ్య బోర్లించమన్నాడట. మొదటి గుంపు అలా దిగింది. ఆ కుండ అటక మీద ఇంకా ఉంది.

ధర్మాబాద్ మిర్చి (నాందేడ్ జిల్లా)
నవంబరు 13, ఉదయం 6.20

కుండ, సవర పెద్దాయన, అంతా బాగుంది. మీ ఊళ్ళో పురుగుమందు ఎవరు ఎప్పుడు కొడతారో తెలుసా మీకు? అది తెలుసుకోకుండా ఈగలు పెడితే కుండ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

మాది పత్తి, సోయా, కంది. పక్కన మిరప. పూత మీద ఉండగా పొద్దున్నే మందు కొట్టారంటే, ఈగలు మేతకు వచ్చేదీ అప్పుడే. సాయంత్రానికి పెట్టె ముందు చచ్చిన ఈగలు చాటతో ఎత్తాలి. మా బావమరిది రెండు పెట్టెలు ఒక్క రోజులో పోయాయి. మందుడబ్బా మీద రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికంటే విషం, తరువాత పసుపు, నీలం, చివర ఆకుపచ్చ. అది మనుషుల లెక్క. ఈగలకు అందులో ఏ రంగూ పూర్తిగా క్షేమం కాదు. యవత్మాల్‌లో 2017లో మందు కొడుతూ కొడుతూ మనుషులే పోయారు, ఈగలెంత.

సూరత్ మగ్గం
నవంబరు 13, ఉదయం 8.00

మిర్చి అన్నా, మీరు భయపెట్టడం తప్ప ఏమీ చేయడం లేదు. మా జీడితోటల్లో అంత మందు లేదు.

ధర్మాబాద్ మిర్చి
నవంబరు 13, ఉదయం 8.11

భయపెట్టడం కాదు తమ్ముడూ. మీకు జీడి, కొబ్బరి ఉన్నాయి కాబట్టి ఈగలు కవిత్వంలా కనిపిస్తాయి. మా దగ్గర పక్క రైతుతో తగువు పడాలి. నా పంట పోతుంటే నీ ఈగల కోసం మందు ఆపాలా అని అతను అడుగుతాడు. న్యాయంగా అతనికి ఏం చెబుతావు?

నిర్వాహకుడు
నవంబరు 13, ఉదయం 8.30

ఇద్దరూ చెబుతున్నది అవసరమే. తగువు పొలం గట్టు మీదే ఉండనివ్వండి.

వలిసెపూలు
నవంబరు 13, ఉదయం 10.15

ఏం చెప్పాలో నేను చెబుతాను. మందు ఆపమని చెప్పకూడదు. సాయంత్రం చీకటి పడే వేళ కొట్టమని చెప్పాలి, అప్పటికి ఈగలు ఇంటికి చేరతాయి. ముందురోజు ఒక్క మాట చెప్పమని అడగాలి. చెబితే ఆ రాత్రి పెట్టె ద్వారానికి సన్నని జాలీ కట్టి, లోపలికి గాలి ఆడేలా చూసి, మరునాడు మూసి ఉంచుతాం. మొదటి తేనెలో ఒక సీసా అతని ఇంటికి పంపాలి. నేను ప్రతి సంవత్సరం నాలుగు సీసాలు అలా ఇస్తాను. పొద్దుతిరుగుడు, ఆవ, నువ్వు, వలిసె వేసేవాళ్ళకు ఈగల వల్ల గింజ పెరుగుతుందని వాళ్ళ పొలంలోనే చూపించవచ్చు. మా కొరాపుట్ కొండల మీద ఇప్పుడు వలిసె పసుపు పరిచినట్టు ఉంటుంది. నా పెట్టెలు నిండేది ఇప్పుడే.

రోగాల మాట కూడా చెప్పి ఊరుకుంటాను. 1991, 92 ప్రాంతాల్లో దక్షిణాదిలో నాటు ఈగలకు ఒక వైరస్ జబ్బు వచ్చింది. థాయ్ సంచి రోగం అంటారు. పిల్లపురుగు ఈగగా మారకముందే నీటిసంచిలా ఉబ్బి చచ్చిపోతుంది. పెట్టెలకు పెట్టెలు తుడిచిపెట్టుకుపోయాయి. చాలామంది అప్పుడే ఈ పని వదిలేశారు. ఎవరూ పట్టించుకోని తొర్రల్లో కొన్ని గుంపులు బతికి బయటపడ్డాయి. ఇప్పుడు మీ పనసచెట్ల కింద ఉన్నవి అలాంటివాటి మనవసంతానమే అయి ఉండవచ్చు. వాటిని చిన్నచూపు చూడకండి.

మహేంద్రతనయ
డిసెంబరు 27, రాత్రి 9.10

పది రోజుల సెలవు పెట్టి వచ్చాను. ఇక్కడి నుంచే రాస్తున్నాను.

నిన్న మొదటిసారి పద్ధతిగా పెట్టె తెరిచాను. కొబ్బరిపీచుతో పొగ వేశాను, తెల్లచొక్కా వేసుకున్నాను, వల కట్టుకున్నాను. అంతా మీరు చెప్పినట్టే. మూత తీసిన నిమిషానికి చేతుల మీద ఏడు చోట్ల కుట్టాయి. అమ్మ అరుగు మీద కూర్చుని నవ్వు ఆపుకుంటోంది. “అరటిపండు తిని వెళ్ళావు కదా, నాన్న ఆ రోజు అరటిపండు ముట్టేవాడు కాదు” అంది. ఇది నిజమా, మా ఇంటి నమ్మకమా?

రెండో సంగతి ఇంకా వింత. అమ్మ పెట్టెల దగ్గరికి పోదని రాశాను. తప్పు రాశాను. రోజూ దీపం పెట్టే వేళకు వెళ్ళి ఒక్కో పెట్టెకూ చెవి ఆనించి వస్తుందట. ఎవరూ చూడకుండా. “రాణి ఉన్న పెట్టె ఒకలా మూలుగుతుంది, లేనిది ఏడ్చినట్టు ఉంటుంది. మూడోది వైశాఖంలో ఏడ్చింది. నీకు చెబితే నీకేం తెలుస్తుందని చెప్పలేదు” అంది. దారాలు అల్లుకున్నది ఆ మూడో పెట్టే.

నేను ఇంతకాలం నాన్న దగ్గర నేర్చుకోలేకపోయానని బాధపడుతున్నాను. సగం తెలిసిన మనిషి వంటింట్లోనే ఉంది.

వలిసెపూలు
డిసెంబరు 27, రాత్రి 9.55

నిజమే. ఈగ కుట్టినప్పుడు వదిలే వాసన పండిన అరటిపండు వాసనలా ఉంటుంది. అది మిగతా ఈగలకు కేక లాంటిది. ఒకటి కుట్టిన చోటే పది కుట్టడానికి కారణం అదే. ముల్లును గోళ్ళతో పట్టి లాగకండి, ఎంత త్వరగా వస్తే అంత మంచిది, గోటితో పక్కకు గీకేయండి. పొగ ఆ వాసనను మరుగుపరుస్తుంది. కుట్టిన చోట వాపు మామూలే. ఒళ్ళంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం వస్తే మాత్రం ఇంటి చిట్కాలు పనికిరావు, ఆసుపత్రికి పరుగెత్తాలి.

రాణి లేని గుంపు గొంతు మారుతుందన్నది కూడా నిజం. అమ్మగారికి నా నమస్కారం చెప్పండి. ఆమెను ఇక్కడ సభ్యురాలిగా చేర్చండి, మీ బదులు.

ప్రాణహిత ఒడ్డు
డిసెంబరు 28, ఉదయం 6.40

ఊరు విడిచి వెళ్ళనివాళ్ళ కథ అడిగాను. వచ్చింది.

మూడో వరుస
డిసెంబరు 28, ఉదయం 7.30

అమ్మగారికి ఆ సినిమా చూపించారా?

మహేంద్రతనయ
డిసెంబరు 28, రాత్రి 10.05

ఫోనులో చూపించాను, పక్కన కూర్చుని మాటలు చెబుతూ. ఎలుగుబంటి వచ్చినప్పుడు లేచి కూర్చుంది. మా ఇవతల ఉద్దానం జీడితోటల్లో ఎలుగుబంట్ల భయం ఆమె చిన్నప్పటినుంచీ ఎరిగినదే. వాటికి తేనె, చెదపురుగులు, ఇప్పపువ్వు, జీడిపండ్లు ఇష్టం. “ఒంటరి ఆడమనిషి, అంత అడవి పక్కన పెట్టెలు నేల మీద పెట్టుకుంటారా?” అని కోప్పడింది. ఆ కొండ ప్రాంతాల్లో బోలుదుంగల పెట్టెలను చెట్ల మీద ఎత్తున కడతారని నేనెక్కడో చదివాను, అది చెబితే శాంతించింది. “అదే కదా, తెలిసినవాళ్ళు అలాగే చేస్తారు” అంది.

తల్లి పోయే చోట మాత్రం ఫోను నా చేతికిచ్చి నీళ్ళు తాగడానికి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. నేనూ పిలవలేదు.

సూరత్ మగ్గం
డిసెంబరు 29, మధ్యాహ్నం 12.10

నాన్నగారు తీసి పెట్టిన పాత తేనె ఏమైనా ఉందా అన్నా?

మహేంద్రతనయ
డిసెంబరు 29, మధ్యాహ్నం 2.25

రెండు సీసాలు ఉన్నాయి. అడుగున పంచదారలా గడ్డకట్టింది. చిన్నాన్న చూసి “కల్తీ” అన్నాడు. నాన్న తీసిన తేనెను! చాలా కోపం వచ్చింది.

వలిసెపూలు
డిసెంబరు 29, మధ్యాహ్నం 3.00

చిన్నాన్నగారికి చెప్పండి, తేనె గడ్డకట్టడం దాని స్వభావం. అందులో గ్లూకోజు ఎక్కువ ఉంటే చలికి తొందరగా గడ్డకడుతుంది. సీసాను గోరువెచ్చని నీళ్ళలో పెడితే కరుగుతుంది, పొయ్యి మీద పెట్టవద్దు. నీళ్ళలో చుక్క వేయడం, అగ్గిపుల్ల వెలిగించడం, కుక్క తింటుందో లేదో చూడడం, ఇవేవీ కల్తీని పట్టవు. ఢిల్లీలోని సీఎస్‌ఈ అనే పర్యావరణ సంస్థ 2020 డిసెంబరులో బయటపెట్టిన కల్తీలో వాడిన చక్కెర పాకాలు, మామూలు ప్రయోగశాల పరీక్షలను కూడా దాటేసేలా తయారుచేసినవి. అగ్గిపుల్ల ఏం కనిపెడుతుంది?

ఇంట్లో పసిబిడ్డలు ఎవరైనా ఉంటే, ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు. తేనెలో ఉండగల ఒక సూక్ష్మజీవి బీజాలు అంత చిన్న పేగుల్లో విషం పుట్టించగలవు. పురిటి బిడ్డ నాలుక మీద తేనె రాయడం మన ఇళ్ళలో వాడుకే. నేనూ రాశాను నా పిల్లలకు, తెలియక.

మహేంద్రతనయ
జనవరి 19, రాత్రి 11.45

చెడ్డ వార్త. రెండు పెట్టెల్లో ఒకటి వెళ్ళిపోయింది. మొన్న మధ్యాహ్నం ఈగలన్నీ ఒక్కసారిగా లేచి, పెరడు మీద మబ్బులా తిరిగి, తూర్పుకు పోయాయట. అమ్మ రాగిచెంబు వాయిస్తూ కొంతదూరం వెంట నడిచిందట. అరవై ఆరేళ్ళు ఆమెకు.

తప్పు నాదే. సెలవు అయిపోయేలోపు అంతా నేర్చుకోవాలని పది రోజుల్లో ఆ పెట్టెను అయిదుసార్లు తెరిచాను. అంతేకాదు, ఎండ బాగా తగులుతుందని దాన్ని పదిహేను అడుగులు జరిపాను. ఇంతకుముందు ఇక్కడ చెప్పలేదు, తిడతారని.

సూరత్ మగ్గం
జనవరి 20, ఉదయం 7.15

తిట్టను అన్నా. మొదటి ఏడాది నావి మూడు పోయాయి. నాటు ఈగకు కోపం కంటే అలక ఎక్కువ. నచ్చకపోతే కుట్టదు, ఇల్లు ఖాళీ చేస్తుంది.

వలిసెపూలు
జనవరి 20, ఉదయం 9.30

నేను తిడతాను. పదిహేను అడుగులు అన్నిటికంటే చెడ్డ దూరం. మేతకు వెళ్ళిన ఈగ పాత చోటునే గుర్తుపెట్టుకుని తిరిగి వస్తుంది, అక్కడ పెట్టె లేక గాలిలో తిరిగి తిరిగి చస్తుంది. జరపాలంటే రోజుకు ఒక అడుగు, లేదా రెండు మూడు కిలోమీటర్ల అవతలికి తీసుకుపోయి కొన్ని వారాలు ఉంచాలి. అయిదుసార్లు తెరవడం అంటే అయిదుసార్లు ఇంటికప్పు లేపి చూడడం. నెలకు రెండుసార్లు చాలు.

సరే, అయిపోయింది. గుంపు వెళ్ళిన పెట్టెలో తేనె మిగిల్చిందా, మొత్తం తాగి వెళ్ళిందా? పిల్లలు ఉన్నాయా? పిల్లలు లేకుండా, తేనె ఖాళీ చేసుకుని వెళ్తే అది ఆలోచించుకుని వెళ్ళడం. వెళ్ళాలనుకున్నాక ఆపలేము.

మహేంద్రతనయ
జనవరి 20, రాత్రి 10.20

తేనె చుక్క లేదు. పిల్లలు లేవు. ఆలోచించుకునే వెళ్ళాయి.

మా ఆవిడకు చెబితే ఎగతాళి చేస్తుందనుకున్నాను. చేయలేదు. “అత్తయ్య అంతదూరం ఎండలో నడిచిందా?” అని అడిగి, ఫోను తీసుకుని లోపలికి వెళ్ళింది. ఇద్దరూ గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. ఉగాది సెలవులకు పిల్లను తీసుకుని పదిహేను రోజులు ఉంటానని మాత్రం అంది. ఉద్యోగం మానడం గురించి ఇంట్లో ఇప్పుడు ఎవరూ మాట్లాడడం లేదు, నాతో సహా. పిల్లకు ఊళ్ళో తెలుగు బడి లేదు. ఆ సంగతి సినిమా చూసిన రాత్రి నాకు గుర్తు రాలేదు.

ధర్మాబాద్ మిర్చి
జనవరి 21, ఉదయం 6.05

మీరు అడిగిన రెండో ప్రశ్నకు ఇప్పుడు మీరే దగ్గరకొచ్చారు. నెలకోసారి వెళ్ళి రండి. ఈగలకు మీ జీతంతో పనిలేదు గానీ, మీ ఇంటికి ఉంది.

ఇంకోటి. మా పక్క రైతుకు టీచరమ్మగారు చెప్పినట్టు మాట చెప్పి చూశాను. సాయంత్రం కొడతానన్నాడు. ముందురోజు చెబుతానని మాత్రం అనలేదు. సగం పని అయింది.

మహేంద్రతనయ
ఫిబ్రవరి 16, రాత్రి 9.35

జీడి పూత మొదలైంది. అమ్మ అటక మీది కుండ దింపించి, కడిగి ఆరబెట్టి, వెళ్ళిపోయిన పెట్టెలోని మైనం కరిగించి లోపల రుద్ది, పనసచెట్టు కొమ్మల మధ్య కట్టించిందట. నాతో చెప్పలేదు. నిన్న పొద్దున ఫోను చేసి, కుండ కంత దగ్గర నాలుగైదు ఈగలు లోపలికీ బయటికీ తిరుగుతున్నాయని చెప్పింది.

వలిసెపూలు
ఫిబ్రవరి 16, రాత్రి 9.50

అవి వేగులు. ఇల్లు చూసుకోవడానికి వచ్చాయి. ఎక్కడో ఒక గుంపు చీలడానికి సిద్ధంగా ఉంది. కుండను ఎవరూ ముట్టుకోవద్దు, కింద పొగ పెట్టవద్దు. రేపు వాటి సంఖ్య పెరిగిందో తగ్గిందో అమ్మగారిని లెక్కపెట్టి చెప్పమనండి. పెరిగితే రెండు మూడు రోజుల్లో దిగవచ్చు.

మహేంద్రతనయ
ఫిబ్రవరి 17, రాత్రి 8.20

అడిగాను. “నాకు చూపు ఆనదు, లెక్క పెట్టాలంటే నువ్వే రా” అంది.

శుక్రవారం రాత్రికి పలాస టికెట్ తీసుకున్నాను. వెయిటింగు లిస్టులో 14.